ఆ ఒక్క గడి గురించి: ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్య దేశాల వాణిజ్య మంత్రులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన వాణిజ్య మంత్రులకు,

నమస్కారం. నేను సముద్ర శాస్త్రవేత్తను కాను. వల పట్టిన కుటుంబంలో పుట్టలేదు. చేపల ఎగుమతి, దిగుమతి కాగితాలు తయారుచేసే ఉద్యోగం నాది. పంతొమ్మిదేళ్లుగా అదే పని. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, హెల్త్ సర్టిఫికెట్, బిల్ ఆఫ్ లేడింగ్, చేప ఎక్కడ, ఎలా పట్టారో చెప్పే క్యాచ్ సర్టిఫికెట్. వీటిలో ఒక్క అంకె తేడా వచ్చినా కంటైనర్ పోర్టులో ఆగిపోతుంది. ఆగినన్ని రోజులూ కరెంటు ఖర్చు, అద్దె మీద పడుతూనే ఉంటాయి. నాకు టెన్షన్ మొదలవుతుంది. అందుకే కాగితాల్లో మిగతావాళ్లు దాటేసే చోట నా చూపు ఆగుతుంది. ఈ ఉత్తరం రాయడానికి కారణం కూడా అలాంటి ఒక గడే.

ఆ గడి పేరు ‘వేటాడిన ప్రాంతం’. అందులో చాలాసార్లు మేం నింపేది ఒక్క నంబరు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సముద్రాలన్నిటినీ పెద్ద పెద్ద మండలాలుగా విడగొట్టి వాటికి నంబర్లిచ్చింది. 27 అంటే ఈశాన్య అట్లాంటిక్. 87 అంటే పెరూ, చిలీల ముందున్న పసిఫిక్. 34 అంటే జిబ్రాల్టర్ జలసంధి దగ్గర మొదలుపెట్టి కాంగో నది సముద్రంలో కలిసే చోటి దాకా ఆఫ్రికా పడమటి తీరం. ఇరవై దాకా దేశాలు అందులో ఉన్నాయి. బరువు గడిలో కిలో తేడా వస్తే ఒప్పుకోరు. ధర గడిలో సెంటు తేడా వస్తే బ్యాంకు వెనక్కి పంపిస్తుంది. చేప ఎక్కడిదని అడిగితే మాత్రం వేల కిలోమీటర్ల తీరం వైపు చెయ్యి చూపించి ‘అటు’ అంటే సరిపోతుంది.

మొదట్లో ఇది నాకు వింతగా అనిపించలేదు. రూల్ అదే అనుకున్నాను. ఏళ్లు గడిచేకొద్దీ ఒక విషయం గమనించాను. నా ఫైళ్లలో చేపల పేర్లు మారుతున్నాయి, పట్టే దేశాలు మారుతున్నాయి, మండలాల నంబర్లు మారుతున్నాయి. కొనే కంపెనీలు మాత్రం అవే. ఒక చోటు నుంచి సరుకు తగ్గగానే రెండో చోటు నుంచి మొదలవుతుంది. మొదటి చోట ఏమైందని అడిగినవాళ్లెవరూ నాకు కనపడలేదు. నేనూ అడగలేదు.

చేప ఇప్పుడెంత దూరం తిరుగుతుందో ఒక ఉదాహరణ చెప్తాను. నార్వేకి ఉత్తరాన బారెంట్స్ సముద్రంలో కాడ్ చేప పడుతుంది. ఓడ మీదే తల, పేగులు తీసేసి దిమ్మలుగా గడ్డకట్టిస్తారు. అందులో కొంత భాగం కంటైనర్లలో చైనా వెళ్తుంది. అక్కడ కాస్త కరగనిచ్చి, చేత్తో ముళ్లు పీకి, ముక్కలు కోసి, మళ్లీ గడ్డకట్టించి, తిరిగి యూరప్‌కే పంపిస్తారు. పట్టిన తీరానికి పక్కనే తినబోయే చేప సగం భూగోళం చుట్టి వస్తుంది. ముళ్లు పీకే చేతికి అక్కడిచ్చే కూలీ తక్కువ. కంటైనర్ కిరాయి కిలోకు లెక్కేస్తే ఇంకా తక్కువ. లెక్క ప్రకారం ఎవరిదీ తప్పు కాదు. ఈ ప్రయాణంలో చేప రెండుసార్లు గడ్డకట్టింది, రెండుసార్లు కస్టమ్స్ దాటింది. ఏ ఓడ పట్టింది, ఏ వలతో పట్టింది అన్న సంగతి మాత్రం ఆ ముళ్లతో పాటే ఎక్కడో పడిపోయే ప్రమాదం ఉంది.

1976లో ప్రపంచ దేశాల మధ్య జరిగిన చేపల ఎగుమతుల విలువ అప్పటి డాలర్లలో సుమారు 800 కోట్లు. 2022లో అది 19,500 కోట్ల డాలర్లు. ఇప్పుడు పట్టిన, పెంచిన జలచరాల్లో మూడో వంతుకు పైగా ఏదో ఒక సరిహద్దు దాటుతున్నాయి. ఇదే కాలంలో ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కల్లో ఇంకో గీత కూడా పైకి పోయింది. 1974లో ప్రపంచంలోని సముద్ర చేపల నిల్వల్లో, అంటే ఒక్కో ప్రాంతపు నీళ్లలో బతికే ఒక్కో జాతి చేపల మందల్లో, మితిమీరి వేటాడినవి పది శాతం. 2025లో ఆ సంస్థ ఇచ్చిన సమీక్షలో అవి 35.5 శాతం. రెండు గీతలు కలిసి పెరిగినంత మాత్రాన ఒకదానికి మరొకటే కారణం అనను. జనాభా పెరిగింది, ఇంజన్లు పెరిగాయి, చేపల గుంపుల్ని పట్టిచ్చే సోనార్ వచ్చింది. అయినా వ్యాపారం చేసిన పని ఒకటుంది. దాన్ని నా కుర్చీలోంచి చూశాను కాబట్టి చెప్పగలను.

వెనకటికి ఏ తీరంలో చేప తగ్గితే ఆ తీరం సంతలోనే ధర పెరిగేది. కొనేవాడికి విషయం తెలిసేది. ‘ఏంటి, ఈసారి చేప పడట్లేదా?’ అని అడిగేవాడు. సముద్రం నుంచి మనిషికి కబురు వచ్చే దారి అదే. ఇప్పుడు కొనేవాడు ఒక ఖండంలో ఉంటాడు, చేప ఇంకో ఖండంలో తగ్గుతుంది. అతని ముందున్న ఫ్రీజర్ మాత్రం ఖాళీ అవ్వదు. ఒక సముద్రం తగ్గగానే ఇంకో సముద్రం దాన్ని నింపేస్తుంది. కబురు దారిలోనే ఆగిపోతుంది.

సీ అర్చిన్ సంగతి చూడండి. ఒళ్లంతా ముళ్లతో ఉండ చుట్టుకున్నట్టుండే ప్రాణి. లోపలి పసుపు తునకలకు జపాన్‌లో మంచి గిరాకీ. అక్కడి తీరంలో దిగుబడి చాలకపోయేసరికి కొనుగోలుదార్లు చిలీకి వెళ్లారు, ఉత్తర అమెరికా పడమటి తీరానికి వెళ్లారు, తర్వాత అమెరికా ఈశాన్య కొసన ఉన్న మెయిన్ రాష్ట్రానికి చేరుకున్నారు. అంతకుముందు దాకా మెయిన్‌లో దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1980ల చివర్లో వేట ఊపందుకుంది. 1993లో శిఖరానికి చేరింది. పదేళ్లు తిరిగేసరికి కుప్పకూలింది. సముద్రం అడుగున దోసకాయలా పడి ఉండే సీ కుకుంబర్ అనే ప్రాణి విషయంలోనూ ఇదే వరస. ఆసియా మార్కెట్‌కి దగ్గరున్న తీరాల్లో ముందు, దూరపు తీరాల్లో తర్వాత వేట మొదలైందని 2011లో ఒక అధ్యయనం తేల్చింది. ఆలస్యంగా మొదలైన చోట్ల శిఖరానికి చేరడం ఇంకా త్వరగా జరిగిపోయింది.

2006లో కొందరు శాస్త్రవేత్తలు ఈ పద్ధతికి ‘సంచార బందిపోట్లు’ అని పేరు పెట్టారు. మాట కాస్త ఘాటుగానే ఉంది. నేను పనిచేసే వ్యాపారంలో అందరూ బందిపోట్లు కారు, చాలామంది బ్యాంకు లోన్లు కట్టుకుంటూ బతికేవాళ్లే. అయితే ‘సంచార’ అన్న మాటను కాదనలేను. చట్టం రాయాలంటే లెక్కలు కావాలి. లెక్కలకు కొన్నేళ్ల వేట వివరాలు కావాలి. ఒక జాతి చేపకు కొత్తగా గిరాకీ పుట్టిన రోజు నుంచి దాని మీద మొదటి నిబంధన వచ్చే రోజు దాకా ఉండే ఆ కొన్నేళ్లే వేటకు చాలు. చట్టం వచ్చేసరికి కొనుగోలుదారు ఇంకో తీరంలో ఉంటాడు.

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1968లో ఆ ప్రాంతంలో కాడ్ వేట 8 లక్షల టన్నులు దాటింది. అప్పుడు వేటాడింది ఎక్కువగా దూరదేశాల నుంచి వచ్చిన ఫ్యాక్టరీ ఓడలు. పట్టడం, కోయడం, గడ్డకట్టించడం అన్నీ ఓడ మీదే. 1977లో కెనడా 200 నాటికల్ మైళ్ల హద్దు గీసి వాళ్లను బయటికి పంపింది. అక్కడితో కథ సుఖాంతం కావాల్సింది. కానీ తర్వాత సొంత ట్రాలర్లకే తెగ ప్రోత్సాహాలిచ్చింది, నిల్వల అంచనాలు ఉన్నదానికంటే ఎక్కువగా వేసుకుంది. 1992 జులై 2న వేట ఆపేయాల్సి వచ్చింది. సుమారు 30 వేల మంది పని పోయింది. విదేశీ ఓడల్ని తిట్టి ఊరుకుంటే సరిపోదని చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను. ఇందులో నాకు ఎక్కువ గుచ్చుకునేది ఇంకొకటి. వందల ఏళ్ల కాడ్ వేట అలా ఆగిపోయినా, చేప ముక్కలు అమ్మే ఫ్రీజర్లలో వెలితి కనపడలేదు. ఆ చోటులోకి అలాస్కా పొలాక్ లాంటి చేపలు వచ్చి కూర్చున్నాయి. 30 వేల మందికి పిడుగులా పడ్డ వార్త తినేవాడి పళ్లెం దాకా చేరనే లేదు.

పేరు మార్చి అమ్మడం ఇంకో విద్య. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైపు లోతు సముద్రంలో ఉండే ఒక చేప జాతిని ఇంగ్లిష్‌లో ‘జిగురు తల’ అని అర్థం వచ్చే పేరుతో పిలిచేవాళ్లు. ఆ పేరుతో ఎవరు కొంటారు? ‘ఆరెంజ్ రఫీ’ అన్నారు. పేరు అందంగా ఉంది, తెల్లటి కండ, ముళ్ల బాధ లేదు. గిరాకీ పెరిగింది. ఆ చేప ఈడుకు రావడానికే దాదాపు ముప్పై ఏళ్లు పడుతుంది, వందేళ్లు దాటి బతుకుతుంది. అంటే ఒక్కసారి వల ఎత్తితే తాతల కాలం నాటి చేపలు పైకొస్తాయి. అమ్మేవాడికి అది తెల్ల ముక్క మాత్రమే. దక్షిణ మహాసముద్రపు టూత్‌ఫిష్‌ని ‘చిలీ సీ బాస్’ అని మార్చిందీ ఇలాగే, 1977లో ఒక అమెరికన్ దిగుమతిదారు. అది బాస్ జాతి చేప కానే కాదు.

పేరు మార్చినా ఏదో ఒక పేరు మిగులుతుంది. నన్ను ఎక్కువ కలవరపెట్టేది పేరే లేకుండా పోయే చేప. ఇది మీ కస్టమ్స్ కోడ్‌లలోనే ఉంది. గడ్డకట్టించిన సార్డిన్, సార్డినెల్లా చేపలకు 0303.53 అని ఒక కోడ్ ఉంది. ఆ అంకె చూస్తే కనీసం ఇది ఫలానా రకం చిన్న చేప అని తెలుస్తుంది. అదే చేపను ఉడికించి, పిండి, ఎండబెట్టి, పొడి చేశారనుకోండి. కోడ్ 2301.20 అయిపోతుంది. ‘మనుషుల ఆహారానికి పనికిరాని చేపల పొడి’ అన్న వర్గం అది. అక్కడ సార్డినెల్లా లేదు, నెత్తళ్లు లేవు. సంచిలో ముదురు రంగు పొడి ఉంటుంది, ప్రోటీన్ శాతం ఉంటుంది. కొనేవాళ్లు అడిగేది కూడా ఆ శాతమే. ఆ కోడ్ మొదటిసారి టైప్ చేసిన రోజు ‘పనికిరాని’ అన్న మాట దగ్గర నా వేళ్లు ఆగాయి. ముందు రోజు దాకా అది నిక్షేపంగా తినే చేపే కదా.

పశ్చిమ ఆఫ్రికాలోని మౌరిటానియా, సెనెగల్, గాంబియా తీరాల్లో జరుగుతున్నది ఇదే. అక్కడి సార్డినెల్లా ఖరీదైన చేప కాదు. మాంసం కొనలేనివాళ్లకు ప్రోటీన్ దొరికేది దాంట్లోనే. తీరంలో చేపల పొడి ఫ్యాక్టరీలు వచ్చాక పడవలవాళ్లకు ఎంత తెచ్చినా కొనే ఖాతాదారు దొరికాడు. మొదట్లో మంచిదే అనిపించింది వాళ్లకు, అనిపించదా మరి. అయితే అదే చేపను ఎండబెట్టి, పొగబెట్టి, లోపలి ఊళ్లకు అమ్ముకునే ఆడవాళ్లు ఫ్యాక్టరీతో పోటీపడి కొనలేకపోయారు. ఒక కిలో పొడికి నాలుగైదు కిలోల పచ్చి చేప కావాలి. ఆ పొడి, చేపనూనె దూరదేశాల్లో పెంచే చేపలకు, రొయ్యలకు మేతగా పోతాయి. సార్డినెల్లా నిల్వలు మితిమీరిన వేటకు గురయ్యాయని ఆహార, వ్యవసాయ సంస్థ నిపుణులు ఏళ్లుగా హెచ్చరిస్తూనే ఉన్నారు. సార్డినెల్లా ఒక దేశపు నీళ్లలో కుదురుగా ఉండదు, సరిహద్దులు దాటి తిరుగుతుంది. ఒక దేశం కట్టడి చేస్తే పక్క దేశంలో పడుతుంది.

చెరువుల్లో పెంచితే సముద్రానికి భారం తగ్గుతుంది కదా అని మీరు అనొచ్చు. సగం నిజం. 2022లో మొదటిసారి పెంచిన జలచరాలు పట్టినవాటిని మించాయి. మొత్తం 18.54 కోట్ల టన్నుల్లో 51 శాతం పెంపకానిదే. మేతలో చేపల పొడి వాటా కూడా తగ్గుతూ వస్తోంది, సోయా లాంటివి కలుపుతున్నారు. ఇది మంచి మార్పే, కాదనను. కానీ మేతకు పోయే చేప ఏ తీరంలోంచి వస్తోందో ఆ తీరం వాళ్లకు శాతాలు చెప్పి లాభం లేదు.

ఇదంతా మత్స్యశాఖల పని, మాకెందుకు రాస్తున్నావని అడగొచ్చు. మత్స్యశాఖ మంత్రి తన నీళ్ల హద్దు దాకానే చూస్తారు. పడవ ఎంత దూరం వెళ్లాలో తేల్చే డబ్బు, పట్టిన చేప ఎక్కడికి వెళ్లాలో తేల్చే సుంకం, ఇవి రెండూ మీ చేతిలో ఉన్నాయి.

వేటకు సహజంగా పడే కళ్లెం ఒకటుంది. చేప తగ్గేకొద్దీ ఒక్కో టన్నుకు కాలే డీజిల్ పెరుగుతుంది. వల వేసిన ఖర్చు కూడా రాని రోజు పడవ ఒడ్డునే ఆగుతుంది. చేపలకు ఊపిరి తీసుకునే సందు అప్పుడు దొరుకుతుంది. డీజిల్ సబ్సిడీ సరిగ్గా ఆ కళ్లేన్నే తెంపేస్తుంది. 2018లో ప్రపంచ ప్రభుత్వాలు చేపల వేటకు ఇచ్చిన సబ్సిడీలు 3,540 కోట్ల డాలర్లని పరిశోధకులు లెక్కగట్టారు. అందులో 2,220 కోట్లు వేట సామర్థ్యాన్ని పెంచేవి. డీజిల్‌కి, ఓడల నిర్మాణానికి, ఆధునికీకరణకు పోయేవి. మొత్తం సబ్సిడీల్లో సగానికి పైగా ఇచ్చింది చైనా, యూరోపియన్ యూనియన్, అమెరికా, దక్షిణ కొరియా, జపాన్. అందిన డబ్బులో ఎనభై శాతానికి పైగా పెద్ద ఓడలవాళ్లకే వెళ్లింది. చిన్న పడవలవాళ్లు ప్రపంచ వేటలో దాదాపు 40 శాతం తెస్తున్నారు, ఈ రంగంలో పనిచేసేవాళ్లలో పదింట తొమ్మిది మంది వాళ్లే. వాళ్ల పేరు చెప్పి సబ్సిడీని సమర్థించేవాళ్లను చూస్తే నాకు నవ్వు రాదు, విసుగొస్తుంది.

2018లోనే వచ్చిన ఇంకో అధ్యయనం ఏ దేశానికీ చెందని బహిరంగ సముద్రాల్లోని వేటను లెక్కేసింది. సబ్సిడీలు తీసేస్తే అక్కడ వేట జరిగే ప్రాంతాల్లో 54 శాతం నష్టాల్లోకి పోతాయని తేలింది. అంటే పన్ను కట్టేవాడి డబ్బుతో, ఎవరికీ లాభం రాని దూరాలకు వెళ్లి, అందరిదీ అయిన చేపను ఖాళీ చేస్తున్నాం. వాణిజ్య మంత్రులుగా ఇందులో మీకు ఏ వాణిజ్యం కనపడుతోందో చెప్పండి.

ఈ సంగతి మీకు తెలియదని అనడం లేదు. దోహాలో 2001లో మొదలుపెట్టిన చర్చ మీదే. 2020కల్లా ఇలాంటి సబ్సిడీలు ఆపాలని సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో రాసుకున్నదీ మీ ప్రభుత్వాలే. ఆ గడువు దాటిపోయింది. 2022 జూన్ 17న జెనీవాలో ఒప్పందం కుదిరింది. సభ్యుల్లో మూడింట రెండొంతులు, అంటే 111 మంది ఆమోదించాక, 2025 సెప్టెంబర్ 15న అమల్లోకి వచ్చింది. దొంగ వేటకు, నిల్వలు తరిగిపోయిన చేపల వేటకు, ఎవరి నిబంధనలూ లేని బహిరంగ సముద్రాల్లో వేటకు సబ్సిడీ ఇవ్వకూడదని అందులో ఉంది. ఆ రోజు ఆఫీసులో నేనొక్కణ్ణే సంబరపడ్డాను. పక్క టేబుల్ మనిషి ‘దీనివల్ల కొత్త ఫారం ఏమన్నా వస్తుందా’ అని మాత్రం అడిగాడు.

కానీ అది సగమే. ఓడల సామర్థ్యాన్ని అతిగా పెంచే సబ్సిడీల మాట రెండో సగానికి వదిలేశారు. 2024లో అబుదాబీలో జరిగిన మీ సమావేశంలో తేలుతుందనుకుంటే తేలలేదు. అసలు చిక్కు ఒప్పందం 12వ అధికరణంలో ఉంది. అమల్లోకి వచ్చిన నాలుగేళ్లలోపు ఆ సమగ్ర నిబంధనలు కుదరకపోతే, మీ సంస్థలో నిర్ణయాలు తీసుకునే జనరల్ కౌన్సిల్ వేరేగా నిర్ణయిస్తే తప్ప, ఇప్పుడున్న ఒప్పందం కూడా రద్దవుతుంది. అంటే 2029 సెప్టెంబర్ దాకానే గడువు. ఇరవై ఏళ్లకు పైగా లాగి కట్టిన సగం గోడ కూడా కూలిపోతుందన్నమాట.

రెండో సగం రాసేటప్పుడు ఒక్క విషయం గుర్తుంచుకోమని నా మనవి. చర్చల ముసాయిదాల్లో ఒక మినహాయింపు తిరుగుతోంది. నిల్వల్ని కాపాడే చర్యలు తీసుకుంటున్నామని చూపించగలిగిన దేశం సబ్సిడీ కొనసాగించుకోవచ్చట. ‘చూపించడం’ అంటే ఏమిటో నాకు తెలుసు, నా జీతమే దాని మీద వస్తుంది. చూపించడానికి సర్వే ఓడలు కావాలి, గణాంక నిపుణులు కావాలి, నాలాంటి కాగితాల మనుషులు గదినిండా కావాలి. ఇవన్నీ ఎక్కువ సబ్సిడీలిచ్చే పెద్ద దేశాలకే ఉన్నాయి. నాలుగు పడవలున్న చిన్న దేశం నిజంగా పొదుపుగా వేటాడినా నిరూపించుకోలేదు. కాబట్టి ఎక్కువ ఇచ్చేవాళ్లు ముందు తగ్గించాలి. దూర సముద్రాల్లో తిరిగే ఓడల డీజిల్ సబ్సిడీ మొదట పోవాలి. తీరం దగ్గర చిన్న పడవల మీద బతికేవాళ్లకు వెసులుబాటు చివరిదాకా ఉండాలి.

వ్యాపారమే ఆపేయమని ఎవరైనా అంటే వాళ్లతో నేను కలవను. ఇది నా ఉద్యోగం కోసం అంటున్న మాట కాదు, అయినా మీరు అలా అనుకుంటే తప్పుపట్టను. జలచరాల వ్యాపారం వల్ల అల్ప, మధ్య ఆదాయ దేశాలకు 2022లో నికరంగా మిగిలింది సుమారు 4,500 కోట్ల డాలర్లు. మిగతా వ్యవసాయ ఉత్పత్తులన్నీ కలిపినా అంత రాలేదు. పైగా సరిహద్దు దగ్గర చేపను ఆపి నాలుగు ప్రశ్నలు వేయగలిగే అవకాశం వ్యాపారంలోనే ఉంది. వేసిన చోట ఫలితం కనపడింది.

టూత్‌ఫిష్‌నే తీసుకోండి. 1990ల చివర్లో దక్షిణ మహాసముద్రంలో దొంగ వేట సక్రమ వేటను మించిపోయింది. 2000 నుంచి ప్రతి సరుకు వెంట చేపను ఎక్కడ, ఏ ఓడ పట్టిందో చెప్పే పత్రం ఉండాలన్నారు. పత్రం లేకపోతే పెద్ద మార్కెట్లలో అమ్మడం కుదరదు. దొంగ వేట బాగా తగ్గింది. అట్లాంటిక్ బ్లూఫిన్ ట్యూనా ఇంకో ఉదాహరణ. తూర్పు అట్లాంటిక్, మధ్యధరా సముద్రాల్లో కోటాను 2011కల్లా 13 వేల టన్నుల లోపుకు దించారు, ప్రతి చేపకూ పత్రం పెట్టారు. 2021లో ఆ జాతిని అంతరించే ప్రమాదమున్న జాబితాలోంచి తీసేశారు. పసిఫిక్‌లో ఎనిమిది చిన్న దేశాలు నౌరు ఒప్పందం కింద కలిసి, ట్యూనా ఓడలకు రోజుల లెక్కన అనుమతులు అమ్మడం మొదలుపెట్టాయి. విడివిడిగా బేరమాడినప్పుడు ఆ దేశాలకు దక్కింది చిల్లరే. 2010లో సుమారు 6 కోట్ల డాలర్లున్న వాళ్ల రాబడి పదేళ్లలోపే 50 కోట్ల దాకా పెరిగింది. ఒకరి మీద ఒకరు ధర తగ్గించుకోవడం మానేశారు, అంతే.

ఆ పత్రం లేనిచోట ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. 2015లో అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు ఇండోనేషియాలోని బెంజినాలో చెర పట్టిన కూలీలతో చేపలు పట్టిస్తున్న సంగతి బయటపెట్టారు. రెండు వేల మందికి పైగా విడుదలయ్యారు. అలా పట్టిన చేప మామూలు చేపతో కలిసిపోయి, మామూలు కాగితాలతోనే దేశాలు దాటింది. సముద్రం మధ్యలోనే ఒక ఓడ నుంచి ఇంకో ఓడకు సరుకు మార్చేస్తే చేపకు, కూలీకి ఇద్దరికీ ఆచూకీ దొరకదు. ఆ వార్త చదివాక చాలా రోజులు నా పాత ఫైళ్లు తిరగేశాను. వెతికేది ఏమిటో నాకే తెలియదు. వాటిలో ఓడ పేరు ఉన్నవే తక్కువ.

కాబట్టి సబ్సిడీలతో పాటు ఇంకొకటి అడుగుతున్నాను, చిన్నదే. ఓడకు ఐఎంఓ నంబరు, అంటే అంతర్జాతీయ సముద్రయాన సంస్థ పేరుతో ఇచ్చే గుర్తింపు నంబరు ఉంటుంది. ఓడ పేరు మార్చినా, జెండా మార్చినా, యజమాని మారినా ఆ నంబరు మారదు. కస్టమ్స్ డిక్లరేషన్‌లో సముద్ర చేపకు ఆ నంబరు రాయడం తప్పనిసరి చేయండి. నంబరు ఉండని చిన్న పడవలకు ఒడ్డుకు చేరిన రేవు పేరు చాలు. చేపను పొడి చేసినా, నూనె తీసినా, ముక్కలు కోసినా ఆ వివరం దాని వెంట రావాలి. 2301.20 కోడ్ కింద వెళ్లే సంచిలో ఏ జాతి, ఏ మండలం, ఏ ఓడ అన్నది ఉండాలి. ఉపగ్రహ చిత్రాలతో చేసిన ఒక అధ్యయనం 2024లో వచ్చింది. ప్రపంచంలోని పారిశ్రామిక వేట ఓడల్లో నాలుగింట మూడొంతుల దాకా ఎవరికీ బహిరంగంగా కనపడకుండా తిరుగుతున్నాయని అది చెప్పింది. సముద్రంలో వాటన్నిటినీ వెంబడించడం ఎవరి వల్లా కాదు. పోర్టులో కాగితం అడగడం మాత్రం నాలాంటి గుమస్తా వల్ల కూడా అవుతుంది. దొంగ ఓడల్ని రేవుల్లోకి రానివ్వకూడదన్న అంతర్జాతీయ ఒప్పందం 2016 నుంచి అమల్లో ఉంది. యూరప్ 2010 నుంచి క్యాచ్ సర్టిఫికెట్ అడుగుతోంది. ఒక మార్కెట్ అడిగితే సరుకు అడగని మార్కెట్ వైపు తిరుగుతుంది. అందరూ ఒకేసారి అడగాలి. అందుకే ఒక్క దేశానికి రాయకుండా మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

పని ఎక్కువవుతుందని ఎగుమతిదార్లు గొణుగుతారు. గొణిగేవాళ్లలో నేనూ ఉంటాను. హెల్త్ సర్టిఫికెట్ నిబంధనలు మారిన ప్రతిసారీ రెండు నెలలు తిట్టుకుని మూడో నెలకు అలవాటు పడ్డవాళ్లం మేం.

నిన్న సాయంత్రం ఒక చేపల పొడి కన్‌సైన్‌మెంట్ ఫైల్ నా టేబుల్ మీదికి వచ్చింది. ఆరు కంటైనర్లు. బరువు, ప్రోటీన్ శాతం, తేమ శాతం, సంచుల సంఖ్య, అన్నీ వరసగా ఉన్నాయి. ‘జాతి’ అన్న గడి ఖాళీ. ‘వేటాడిన ప్రాంతం’ గడిలో 34. పంపించిన మనిషికి ఫోన్ చేసి, ఇది ఏ చేపండీ, ఏ ఓడలదండీ అని అడిగాను. అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘అది ఎవరూ అడగరు కదండీ, ఇప్పుడు ఎందుకు?’ అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఫారంలో ఆ గడికి ఎర్ర చుక్క లేదు, అంటే నింపకపోయినా సిస్టమ్ తీసుకుంటుంది. ఆరు గంటలకు కటాఫ్. నేను సబ్‌మిట్ నొక్కాను.

ఇట్లు,
చేపల కాగితాలు రాసే ఒక ఉద్యోగి